పొద్దున తెల్లగా కారితే మందు పోయినట్టు కాదండి

21 వారాలకి స్కాన్‌లో గర్భసంచి మూతి పొడవు 19 మి.మీ.యే ఉందన్నారని, రాత్రి యోని లోపల పెట్టుకునే 200 మి.గ్రా. ప్రొజెస్టెరాన్ (గర్భాన్ని నిలబెట్టే హార్మోన్) క్యాప్సూల్ పొద్దునకల్లా తెల్లగా కారిపోతోంది ఆపేయనా అని అడిగారు కదా, దయచేసి ఆపకండి. కారేది చాలావరకు క్యాప్సూల్‌లో ఉండే నూనె అండి, మందు ఈలోపే ఒంటికి పట్టేస్తుంది. నాకూ రెండో కాన్పప్పుడు 22 మి.మీ. వచ్చింది, పడుకునే ముందు పెట్టుకుని పల్చటి ప్యాడ్ వేసుకునేదాన్ని, డాక్టర్ చెప్పినట్టు 36 వారాల దాకా ఒక్క రాత్రి కూడా మానలేదు. మూతి పొడవు 25 మి.మీ. కంటే తక్కువున్నవాళ్లకి నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు దీనివల్ల తగ్గుతుంది. మీ అక్కకి వేశారన్న వారం వారం ఇంజెక్షన్ (17-OHPC అనే ప్రొజెస్టెరాన్ రకం మందు) వేరు, అది పనిచేస్తున్నట్టు తేలలేదని అమెరికాలో 2023లో అనుమతి తీసేశారు. నీళ్లు పోయినా, రక్తం కనబడినా, పొట్ట బిగుసుకుంటూ వదులుతూ ఉన్నా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే హాస్పిటల్‌కి వెళ్లిపోండి.