నలుగురు హార్న్ వాద్యకారులు, ఒక్క ఫస్ట్ కుర్చీ: తగువు ఎలా తీర్చాలి?

మీ అనంతపురం బృందంలో నలుగురు హార్న్ (చుట్ట చుట్టిన గొట్టంతో ఉండే ఇత్తడి గాలివాద్యం, ఫ్రెంచ్ హార్న్) వాయిస్తున్నారనీ, అందరూ ఉద్యోగాలు, చదువుల మధ్య తీరిక చేసుకొని వచ్చేవారేననీ, వారిలో ముందు నడిపించే ఫస్ట్ హార్న్ కుర్చీ కోసం ఇద్దరు పట్టుబట్టడంతో సాధన కుంటుపడిందనీ రాశారు. పోటీ పెట్టి తేల్చాలా, వంతులు వేయాలా అని అడిగారు. కర్నూలులో ఆదివారాలు కలిసి వాయించుకొనే ఒక ఇత్తడి వాద్యబృందంలో నేను చాలా ఏళ్ళుగా సెకండ్ హార్న్ వాయిస్తున్నాను. నా మట్టుకు పోటీ వద్దంటాను, గుడ్డిగా వంతులు వేయడమూ వద్దంటాను. ఏ రచనలో ఏ పార్ట్ (ఒక్కొక్కరు వాయించవలసిన వరుస) ఎవరికి నప్పుతుందో చూసి పంచితే తగువు చాలావరకు సద్దుమణుగుతుంది.

ఫస్ట్, సెకండ్, థర్డ్, ఫోర్త్ అనే ఈ అంకెలు మొదట ప్రతిభను బట్టి పెట్టినవి కావు. స్వరం మార్చేందుకు వేళ్ళతో నొక్కే వాల్వులు రాకముందు, అంటే 1810ల దశకానికి పూర్వం, ఒక హార్న్ ఒక్క శ్రుతికి చెందిన సహజ స్వరాలను మాత్రమే సులువుగా పలికేది. శ్రుతి మారాలంటే వేరే కొలత గల గొట్టం బిగించుకోవలసి వచ్చేది. అందువల్ల స్వరకర్తలు హార్న్‌లను జంటలుగా రాసేవారు. ఒక్కో జంటలో ఒకరు పై స్థాయికి, మరొకరు కింది స్థాయికి. రెండు జంటలు కలిస్తే నలుగురయ్యారు. ఒకటి, మూడు పై స్థాయికి, రెండు, నాలుగు కింది స్థాయికి చెందడం నేటికీ అలాగే నిలిచిపోయింది. కాబట్టి ఫస్ట్ కుర్చీ దక్కనివారికి మిగిలిన పై స్థాయి స్థానం థర్డ్ హార్నే గాని సెకండ్ కాదు. ఈ ఒక్క విషయం పట్టుబడుతున్న ఆ ఇద్దరికీ అర్థమయ్యేలా చెబితే సగం వేడి తగ్గుతుందని నా నమ్మకం.

కింది స్థాయివారిని చిన్నచూపు చూడడం మాత్రం నాకు బాధ కలిగించే విషయం. 1824లో వియన్నాలో మొదటిసారి వినిపించిన స్వరకర్త బీథోవెన్ తొమ్మిదవ సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన) మూడవ భాగంలో అందరూ చెవి పెట్టి వినే హార్న్ సోలో (ఒక్కరే ప్రధానంగా వాయించే చోటు) నాలుగవ హార్న్‌కే రాసి ఉంది. 1876లో తొలిసారి ప్రదర్శించిన బ్రామ్స్ మొదటి సింఫనీ చివరి భాగంలో ఫస్ట్ హార్న్ దీర్ఘస్వరం పట్టి, ఊపిరి తీసుకోవలసిన చోటికి వచ్చేసరికి సెకండ్ హార్న్ అదే స్వరాన్ని అందుకుంటుంది. వినేవారికి అది ఎక్కడా తెగినట్టు తెలియదు. అలా అందుకోవడం ఫస్ట్ వాయించినంత కష్టమే, ఎందుకంటే ఎదుటివారి శ్రుతిని, గాలి బరువును, చివరికి వారి మనసును కూడా ముందే పసిగట్టాలి.

మా బృందంలోనూ ఇదే తగువు వచ్చింది. ఒకాయన వయసులో పెద్దవారు, రిటైరైన ఉపాధ్యాయులు. మరొకతను కొత్తగా చేరిన యువకుడు, పై స్వరాలను అవలీలగా అందుకొనేవాడు. అప్పట్లో మాకు నేర్పిన నిర్వాహకుడొకరు అందరి ఎదుట ఇద్దరి చేతా ఒకే చరణం వాయింపించి, "నువ్వు ఇటు రా, మీరు అటు జరగండి" అని కుర్చీలు మార్పించారు. పెద్దాయన మారు మాట్లాడకుండా నాలుగవ కుర్చీలో కూర్చున్నారు, తరువాత రెండు నెలలపాటు సాధనకు రానేలేదు. తిరిగి రమ్మని పిలవడానికి వెళ్ళినప్పుడు ఆయన నాతో, "నాలుగోదయినా వాయిస్తానప్పా, దాని కోసం అలగలేదు. పదిమందిలో లేపి పక్కకు జరపడమే బాగలేదు" అన్నారు. ఆయన తిరిగి వచ్చాక ఒక క్రిస్మస్ కీర్తన చివర మంద్రస్థాయిలో ఒక్క స్వరం నిలబెట్టారు. పైన మేము ముగ్గురం వాయిస్తున్న శ్రుతి మొత్తం దాని మీద స్థిరపడింది. ఆ యువకుడే వాయిద్యం దించి, వెనక్కి తిరిగి, "సార్, మీరు కింద ఉంటే నాకు పైన భయం లేదు" అన్నాడు. ఆ తరువాత వారి మధ్య కుర్చీ మాట మళ్ళీ రాలేదు.

అందువల్ల పంపకం ఏదైనా ముందుగా విడివిడిగా మాట్లాడి, కారణం చెప్పి, కార్యక్రమానికి చాలా ముందే కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక రచనలో ఒకరు ఫస్ట్, మరో రచనలో మరొకరు ఫస్ట్ వాయించవచ్చు. అయితే అది రచన స్వభావాన్ని బట్టి ఉండాలి గాని, వారం వారం తిరిగే వంతుగా కాదు. ఐదవవారు దొరికితే ఇంకా మంచిది. ఫస్ట్ హార్న్ పక్కన సహాయకులు కూర్చొని, అందరూ గట్టిగా వాయించే చోట్ల ఆ పార్ట్ అందుకుంటే, సోలో వచ్చేసరికి ఫస్ట్ పెదవులు అలసిపోకుండా ఉంటాయి. పెద్ద ఆర్కెస్ట్రాలలో ఇది మామూలే. హార్న్‌లో పై స్వరాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటాయంటే, పెదవి కాస్త సడలినా పక్క స్వరం పలుకుతుంది. దాన్ని ఎవరి అసమర్థతగానూ లెక్కించకండి.

ఇక కూర్చోవడం గురించి. హార్న్ నోరు, అంటే ధ్వని బయటికి వచ్చే వెడల్పైన చివర, వాయించేవారి కుడి పక్కన వెనక్కి తిరిగి ఉంటుంది, కాబట్టి కుడివైపున కూర్చున్నవారికి ఆ ధ్వని బాగా వినిపిస్తుంది. మేము ఫస్ట్‌ను ఎడమ చివరన కూర్చోబెట్టి, మిగిలినవారిని వరుసగా వారి కుడిపక్కన ఉంచుతాము. అనుసరించవలసినవారికి నాయకుని శ్రుతి చెవిలో పడుతుంది. మేము సాధన చేసే హాలులో నేలకూ గోడలకూ బేతంచెర్ల బండలే. గోడకు ఆనుకొని కూర్చుంటే ధ్వని రాతికి తగిలి గణగణమని తిరిగి వచ్చి, అందరూ తమ పక్కవారే కావాలని గట్టిగా వాయిస్తున్నారని అనుకొనేవారు. కుర్చీలు గోడ నుంచి బాగా ముందుకు జరిపి, వెనుక దళసరి దుప్పటి ఒకటి వేలాడదీశాక ఆ అనుమానం పోయింది. మన ఎండాకాలంలో మరొక చిక్కు ఉంది: గాలి వేడెక్కిన కొద్దీ శ్రుతి పైకి పోతుంది. ఫ్యాను కింద కూర్చున్నవారికీ, కిటికీ ఎండలో కూర్చున్నవారికీ శ్రుతి కలవక, అది కాస్తా వ్యక్తుల మధ్య తగువుగా మారుతుంది. నలుగురినీ ఒకే నీడన కూర్చోబెట్టి, గొట్టంలోకి బాగా ఊది వేడెక్కించాకే శ్రుతి సరిచూడండి.

ఇవన్నీ చేశాక కూడా ఆ ఇద్దరిలో ఒకరు ఒప్పుకోకపోతే, రాబోయే కార్యక్రమంలో ఆయనకు థర్డ్ హార్న్ ఇచ్చి, రెండవ జంటను నడిపించే బాధ్యత, వారి సాధన చూసుకొనే పని ఆయనకే అప్పగించండి.