పని చెప్పడం వేరు, అప్పగించడం వేరు

ప్రశ్న: మా అబ్బాయికి 23 ఏళ్లు. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. ‘నా పని ఎవరికీ పట్టడం లేదు, ప్రమోషన్ ఊసే లేదు’ అంటూ మానేస్తానంటున్నాడు. చదువులో ఎప్పుడూ ముందుండేవాడు. మా పెంపకంలోనే ఎక్కడో లోపం జరిగిందంటారా? – ఒక తండ్రి

జవాబు: లోపం అనుకోకండి, అది అలవాటు. ఏం చదవాలో పదిహేనేళ్ల పాటు సిలబస్సే చెప్పింది. కొన్ని వారాలకోసారి మార్కులొచ్చాయి. ఏడాది తిరగ్గానే పై తరగతి. ఉద్యోగంలో ఇవేవీ లేవు. ఎలా చేస్తున్నాడో ఏడాదికోసారి చెబితే గొప్ప. పై మెట్టు ఎక్కాలంటే అక్కడ ఖాళీ ఉండాలి. మేనేజర్ ఏమీ అనకపోతే పని సజావుగా ఉందని అర్థం కావచ్చు. కానీ మార్కులకు అలవాటు పడ్డవాడికి ఆ మౌనం ఫెయిలైనట్టే అనిపిస్తుంది.

పొగడ్తకూ ఇందులో కొంత పాత్ర ఉంది. మనస్తత్వవేత్తలు క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో అయిదో తరగతి పిల్లలకు ఆకారాల క్రమం కనిపెట్టే పజిల్స్ ఇచ్చి, కొందరిని ‘తెలివైనవాళ్లు’ అనీ, కొందరిని ‘బాగా కష్టపడ్డారు’ అనీ మెచ్చుకున్నారు. తర్వాత కావాలనే కష్టమైనవి ఇచ్చారు. తెలివికి మెప్పు పొందినవారు త్వరగా ఆసక్తి కోల్పోయారు. ఆ తర్వాత మళ్లీ సులువైనవి ఇచ్చినా మొదటికంటే తక్కువే చేయగలిగారు. అలాగని తప్పంతా ఒక్క పొగడ్త మీద వేయలేం. తెలివి పెరిగేది కాదన్న ధోరణిని పిల్లల్లో మార్చాలని తర్వాత జరిగిన పెద్ద ప్రయత్నాల్లో కనిపించిన ఫలితం చిన్నదే.

ఇప్పుడు చేయాల్సింది చూద్దాం. మానేయమనీ వద్దనీ మీరు చెప్పకండి. మేనేజర్‌ను ఓ 20 నిమిషాలు అడిగి కూర్చోమనండి. ‘నేనెలా చేస్తున్నాను?’ అని అడిగితే ‘బాగానే’ అన్న జవాబే వస్తుంది. దానికి బదులు మూడు అడగాలి: నేను చేసేవాటిలో మీకు బాగా పనికొస్తున్నదేది? ఏది ఆపేస్తే నష్టం లేదు? మూడు నెలల్లో నేనొక్కడినే బాధ్యత తీసుకోగల పనేది? ఆ తర్వాత వారానికి అయిదు లైన్లు రాసుకోవాలి. ఏం పూర్తయింది, ఏది ఆగింది, ఎందుకు ఆగింది. మూడు నెలల తర్వాత కూడా సొంత బాధ్యత అంటూ ఏమీ దక్కకపోతే, మరో ఉద్యోగం చేతిలో పెట్టుకుని మారడంలో తప్పేమీ లేదు. జీతం ఆలస్యం కావడం, ఒప్పందంలో లేని గంటలు పనిచేయించడం, అవమానించడం లాంటివి ఉంటే మాత్రం మూడు నెలలు ఆగనక్కర్లేదు. వాటికీ పెంపకానికీ సంబంధం లేదు.

మీకొక్క షరతు. అతని రెజ్యూమె మీరు దిద్దొద్దు, ఆఫీసుకు ఫోన్ అసలే చేయొద్దు.

ప్రశ్న: నా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఏం చెప్పినా ‘సరే సార్’ అంటుంది. తీరా డెడ్‌లైన్ రోజు చూస్తే రిపోర్ట్ సగమే ఉంటుంది, అదీ వేరే దారిలో. ఇది బద్ధకమేనా? – ఒక టీమ్ లీడర్

జవాబు: బద్ధకమైతే ఆ సగం కూడా ఉండదు. పెద్దవాళ్లను తిరిగి ప్రశ్నించడం ఎదురు చెప్పడమేనని నేర్పిన ఇళ్లూ, బడులూ చాలా ఉన్నాయి. అక్కడ పెరిగినవారికి ‘అర్థం కాలేదు’ అనడం మర్యాద తప్పడమే. ఒక బహుళజాతి కంపెనీ ఉద్యోగుల సర్వేల ఆధారంగా పరిశోధకుడు గీర్ట్ హోఫ్‌స్టెడ్ 1980లో దీన్ని ‘అధికార దూరం’ పేరుతో దేశాలవారీగా కొలిచారు. అయితే అవి సగటు అంకెలు. వాటిని చూసి మీ ఎదుట కూర్చున్న మనిషిని అంచనా కట్టకండి.

మీ వైపు నుంచి మారాల్సింది మొదట ప్రశ్న. ‘అర్థమైందా?’ అంటే ‘అయింది’ తప్ప మరో జవాబుకు చోటు లేదు. ‘ముందు ఏ ఫైల్ తెరుస్తావు? అందులోంచి ఏం తీసుకుంటావు?’ అని అడగండి. తేడా అక్కడికక్కడే బయటపడుతుంది. పూర్తయిన పాత రిపోర్ట్ ఒకటి నమూనాగా ఇవ్వండి. పది రోజుల పనైతే మూడో రోజున వచ్చింది వచ్చినట్టు, తప్పులతోనే చూపించమనండి. ‘తప్పులతోనే’ అన్న మాట నోటితో చెప్పాలి, లేకపోతే నున్నగా దిద్ది తెచ్చేదాకా దాచుకుంటుంది. అరగంట ప్రయత్నించినా కదలకపోతే అడగాలన్నది నియమంగా పెట్టండి. అప్పుడు అడగడం ధిక్కారం కాదు, చెప్పిన మాట వినడమే అవుతుంది.

ఇదంతా ఎక్కడ బెడిసికొడుతుందంటే, ఆమె మొదటిసారి అడిగినప్పుడు. ‘ఇది కూడా తెలీదా?’ అని మీ నోటివెంట వచ్చిందా, మళ్లీ ‘సరే సార్’ మొదలు. రోజూ తనిఖీ చేసినా అంతే. చెప్పింది చేయడం తప్ప సొంతంగా నిర్ణయించుకోవడం ఆమెకు ఎప్పటికీ రాదు.

ప్రశ్న: మా అమ్మాయికి 17. ఇంటి పని చెబితే చేస్తుంది, చెప్పకపోతే ముట్టదు. పనికింత అని డబ్బిస్తే మారుతుందా? – ఒక తల్లి

జవాబు: డబ్బిచ్చినన్నాళ్లూ మారుతుంది. మార్క్ లెపర్ బృందం 1973లో బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లలకు, గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయించింది. తర్వాత స్వేచ్ఛగా వదిలేస్తే, బహుమతి ఆశ చూపని పిల్లలతో పోలిస్తే వీళ్లు సగం సమయమే గీశారు. ఇంటి పని బొమ్మలు గీసినంత సరదా కాదు కాబట్టి పోలిక పూర్తిగా కుదరదు. అయినా పాకెట్ మనీని పనితో ముడిపెట్టకపోవడమే మేలు. ‘ఈ వారం నాకు డబ్బు అక్కర్లేదు’ అందంటే మీ దగ్గర జవాబుండదు.

అసలు చిక్కు ‘చెబితే’ అన్న మాటలో ఉంది. బట్టలు ఉతకడమే తీసుకోండి. బుట్ట నిండిందని చూడాలి, రంగు వదిలేవి విడదీయాలి, జేబులు తడమాలి, మెషిన్ వేయాలి, ఆగగానే తీసి ఆరేయాలి, మడతపెట్టి ఎవరివి వారి అలమరలో పెట్టాలి, సబ్బుపొడి తగ్గితే చెప్పాలి. మీరు అప్పగిస్తున్నది మెషిన్ వేయడం ఒక్కటే. చూడటం, గుర్తుపెట్టుకోవడం, ముగించడం మీ దగ్గరే ఉండిపోయాయి. ఇలా పెరిగినవారే ఆఫీసులో ‘నాకెవరూ చెప్పలేదు’ అంటారు, నిజాయితీగానే అంటారు.

ఒకే పనిని మొదటి నుంచి చివరిదాకా ఇవ్వండి. మొదటి రెండుసార్లు పక్కనుండి చూపించండి, మూడోసారి మీరు గదిలోనే ఉండొద్దు. సాధారణంగా మూడో వారంలో జారుతుంది. బుట్ట పొంగిపొర్లుతుంటుంది, మీరు రాత్రిపూట చప్పుడు కాకుండా ఉతికేస్తారు. అక్కడితో అంతా పోయినట్టే. సోమవారం పొద్దున తనకు ఉతికిన బట్ట దొరకకపోతే దొరకనివ్వండి. మొదటి పనిగా ఇంట్లోవాళ్ల మందులు, కరెంటు బిల్లు లాంటివి ఇవ్వకూడదనడం ఇందుకే. అక్కడ తప్పును తప్పుగా వదిలేయలేం. ఎన్నాళ్లు పడుతుందో గట్టిగా చెప్పలేం. ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక రోజువారీ పని అలవాటుగా కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. కానీ 18 నుంచి 254 దాకా తేడాలున్నాయి. కాబట్టి రెండో పని ఇవ్వడానికి తొందరపడకండి.

ప్రశ్న: సూటిగా చెప్పండి, ఈ తరం పనిదొంగలా కాదా? – ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: ఆ మాట తేలాలంటే నేటి 25 ఏళ్లవారిని, మీ తరం 25లో ఉన్నప్పుడు ఎలా ఉండేదో దానితో పోల్చాలి. అందరూ పోల్చేది మాత్రం 50 దాటినవారితో. బాధ్యతలు, అనుభవం, ఉద్యోగం పోతుందన్న భయం, అన్నీ వయసుతోపాటు పెరిగేవే. అవి తీసేశాక ఎంత తేడా మిగులుతుందో చూస్తే కోపం సగం తగ్గుతుంది.