పియానో మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నల్లగొండ చర్చిలోని పియానో మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘అమృతనాదం’, ‘దివ్యస్వరం’ లాంటి మాటలు కొట్టెయ్. ఆ నాదం ఎట్లా పుడుతుందో చెబితే వాటితో పని లేదు.

మూడో పేరాలో ఒక తప్పుంది. 20 టన్నుల బరువు నాదాన్ని పెంచే చెక్క పలక మీద పడుతుందని రాశావు. సుమారు 230 తీగల టెన్షన్, అంటే బిగువు, అంతా కలిపితే 18 నుంచి 20 టన్నులన్నది నిజమే. కానీ దాన్ని మోసేది పోత ఇనుప చట్రం. ఒకే ముక్కగా పోసిన చట్రానికి అమెరికాలో ఆల్ఫియస్ బాబ్‌కాక్ 1825లో పేటెంట్ తీసుకున్నాడు. చెక్కకు అందేది వేరు. తీగ బ్రిడ్జ్ మీదుగా, అంటే పలక మీద అతికించి తీగ కదలికను దానికి అందించే చెక్క కమ్మీ మీదుగా, పోతూ కొద్దిగా కిందికి వంగుతుంది. ఆ వంపు ఒక డిగ్రీ అనుకుందాం. టెన్షన్‌లో ఇంచుమించు 57వ వంతు బ్రిడ్జ్‌ను నొక్కుతుంది. 18 టన్నులకు లెక్క వేస్తే 300 కిలోల పైచిలుకు. దాన్ని తట్టుకునేది సెంటీమీటరుకు అటూ ఇటూగా మందం ఉండే, స్ప్రూస్ అనే చెట్టు చెక్కతో చేసిన ఆ పలక. అడుగున బద్దలు అతికించి, దాన్ని మధ్యలో కాస్త పైకి ఉబ్బేలా చేస్తారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇక్కడే ఉంది. నొక్కుడు ఎక్కువైతే పలక బిగుసుకుపోయి స్వరం గొంతు పట్టినట్టు వస్తుంది. తక్కువైతే తీగ కదలిక పలకకు సరిగా అందక స్వరం పలచబడుతుంది. పైగా తీగలోని శక్తిని పలక తొందరగా లాగేసుకుంటే స్వరం గట్టిగా మోగి వెంటనే ఆగిపోతుంది. నిదానంగా తీసుకుంటే మెల్లగా మోగి చాలాసేపు నిలుస్తుంది. రెండూ పూర్తిగా దొరకవు. చేసేవాడు ఎక్కడో ఒకచోట రాజీ పడాలి. నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు, దానికి పేజీ ఇవ్వు.

మన ఎండల ఊసే లేదు! మే నెలలో చెక్క ఎండి, ఉబ్బు దిగి, శ్రుతి పడిపోతుంది. నడిమి స్వరాల్లో అది బాగా తెలుస్తుంది. వానలు పడ్డాక పలక తేమ తాగి లేస్తుంది, శ్రుతి పైకి పోతుంది. నల్లగొండలో చదివేవాళ్లకు పియానో దగ్గరయ్యేది ఈ ముక్కతోనే.

మా పాలమూరు వైపు పన్నెండు మెట్ల కిన్నెర పేరా మాత్రం తీసెయ్. కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చిందని చెప్పి ఊరుకున్నావు. సొరబుర్రల్లో నాదం ఎట్లా పెరుగుతుందో వాయించేవాళ్ల దగ్గర కూర్చుని తెలుసుకో, అప్పుడు విడిగా రాయి.

ట్యూనింగ్ చేసేవాళ్లు ఎప్పుడొస్తారో చర్చిలో కనుక్కో. తీగ బ్రిడ్జ్ దాటే చోటు చూపించమని అడుగు. తిరగరాసి పంపు, చదువుతాను.

మీ అన్న,
మహబూబ్‌నగర్