ఇంటర్‌కు విజయవాడ పంపితే స్థానికత పోతుందా?

ప్రశ్న: మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, పదో తరగతి వరకూ ఇక్కడే చదివింది. నీట్ కోసం ఇంటర్‌కు విజయవాడ పంపాలనుకుంటున్నాం. అలా పంపితే ఎంబీబీఎస్ సీటుకు స్థానికురాలు కాదంటున్నారు. దేశమంతా ఒకటే పరీక్ష అయినప్పుడు ఎక్కడ చదివితే ఏమిటి?

జవాబు: మీరు విన్నది నిజమేనండీ. ఫీజు కట్టకముందే అడగడం మంచిదైంది. తెలంగాణలో స్థానిక కోటా కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకూ వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదవాలి. 2024లో 33వ నంబరు జీవోతో ఈ నిబంధన వచ్చింది. శాశ్వత నివాసులకు దీన్ని వర్తింపజేయరాదని హైకోర్టు చెప్పినా, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు నిబంధననే సమర్థించింది. బయట పనిచేసే ప్రభుత్వోద్యోగుల పిల్లల వంటి కొందరికే మినహాయింపు. మీ ఓటు, ఆధార్ చిరునామా ఇక్కడ అక్కరకు రావు.

మీ బాధ నాకు అర్థమైంది. 2016 వరకూ వైద్య సీట్లకూ రాష్ట్రం నిర్వహించే ఎంసెట్ ఉండేది. ఇప్పుడు నీట్‌తో పరీక్ష కేంద్ర ప్రభుత్వం చేతికి వెళ్లింది, స్థానికులెవరో తేల్చే అధికారం రాష్ట్రానికి మిగిలింది. ఇక్కడ చదివినవాళ్లే ములుగులో, ఆదిలాబాద్‌లో నిలబడి వైద్యం చేస్తారన్న ఆశ దాని వెనుక ఉంది. ఆ ఆశ న్యాయమైనదే. కానీ ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లను రెండేళ్ల చదువు కోసం పరాయిదాన్ని చేయడం నాకు సమ్మతం కాదు. నిబంధన మారేదాకా మాత్రం అమ్మాయి సీటును పణంగా పెట్టకండి.

పంపితే పోయేది చిన్నదేమీ కాదు. రెండేళ్ల చదువుతో ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆమె స్థానికురాలు కాలేదు. అప్పుడు ప్రధానంగా ప్రభుత్వ కళాశాలల్లోని 15 శాతం అఖిల భారత కోటా మీదే ఆశ పెట్టుకోవాలి. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు ఎక్కడ రాసినా అవే. హైదరాబాద్‌లో మంచి శిక్షణకు కొరత లేదు. ఇంటి దగ్గరే ఉంచి చదివించండి.

ఇంకో సంగతి. నిరుడు ఒక తల్లి కౌన్సెలింగ్‌కు వారం ముందు నా దగ్గరికి వచ్చారు. కూతురు తొమ్మిది చదివిన బడి మూతపడింది, స్టడీ సర్టిఫికెట్ లేదు. పాత ప్రధానోపాధ్యాయుణ్ణి వెతికి పట్టుకునే సరికి ఆవిడ కాళ్లు అరిగాయి. మీరు ఈ నెలలోనే తొమ్మిది, పది తరగతుల సర్టిఫికెట్లు తీసుకుని, విద్యా సంవత్సరాలు, బడి ముద్ర సరిచూసుకుని ఫైల్లో పెట్టుకోండి.