ఖాళీగా వస్తేనే టక్కుమంటోంది

ప్రశ్న: సార్, నాది 2011 మోడల్ పికప్. ముందూ వెనకా కమాన్ పట్టీలే (లీఫ్ స్ప్రింగులే). 2 లక్షల 80 వేల కిలోమీటర్లు తిరిగింది. మా ఊరి నుంచి మదనపల్లె మార్కెట్‌కు టమాట క్రేట్లు వేస్తుంటాను. లోడుతో వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది. ఖాళీగా వచ్చేటప్పుడు మాత్రం చిన్న గుంటకు కూడా ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుటక్కుమంటోంది. బ్రేకు తొక్కితే ఒక్కసారి ‘టక్’మంటుంది, అంతే. నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే ఏ శబ్దమూ లేదు. ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చాను, తగ్గలేదు. ఇప్పుడు కింగ్ పిన్ సెట్టు (ముందు చక్రం పక్కకు తిరిగే పిన్ను), టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ కడ్డీ కొసలు) అన్నీ మార్చాలంటున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, మదనపల్లె దగ్గర

జవాబు: ఇప్పుడే ఏదీ మార్చకండి. ఇప్పటికే షాక్ అబ్జార్బర్ల డబ్బు పోయింది, ఇంకో సెట్టు డబ్బు కూడా పోతే నాకే బాధ.

బస్సు డిపోలో పనిచేసినన్నాళ్లూ డ్రైవర్లను నేను మొదట అడిగింది శబ్దం ఎప్పుడొస్తుందనే. ఎక్కడొస్తుందో చెవి సరిగా పట్టలేదు. ఛాసిస్ ఇనుము గుండా పాకి ఎడమ శబ్దం కుడివైపు వినిపిస్తుంది. ఎప్పుడొస్తుందో మీరు చక్కగా గమనించి రాశారు. లోడుంటే లేదు, ఖాళీగా ఉంటే ఉంది. అంటే ఎక్కడో పిన్ను చుట్టూ ఉండే రబ్బరు బుష్ అరిగి సందు ఏర్పడింది. బరువు ఉన్నంతసేపూ పిన్ను ఒకే పక్కకు ఒత్తుకుని ఉంటుంది. ఖాళీ బండి గుంటలో ఎగిరితే పిన్ను ఆ సందులో అటూ ఇటూ కొట్టుకుంటుంది. నా అనుమానం మొదట షాకిల్ (కమాన్ కట్ట ఒక కొనను ఛాసిస్‌కు కలిపే, ఊగే ముక్క) బుష్‌ల మీద.

బ్రేకుకు వచ్చే ఒక్క ‘టక్’ ఇంకో సంగతి చెబుతోంది. బ్రేకు పడగానే ఇరుసు వెనక్కి నెట్టుకుంటుంది. దాన్ని ఆపేది కమాన్ కట్టలో షాకిల్ లేని కొన, అంటే ఛాసిస్‌కు నేరుగా బిగించిన కొన. ఆ కొనలో ఉండే కంటిలో (గుండ్రటి రంధ్రంలో) బుష్ అరిగినా, ఇరుసును కట్టకు పట్టి ఉంచే యూ-బోల్టులు వదులైనా అలాగే టక్కుమంటుంది. ఖాళీ స్థలంలో బండిని నడక వేగంతో ముందుకు పోనిచ్చి బ్రేకు వేయండి, మళ్లీ రివర్స్‌లో వేయండి. పక్కన దూరంగా నిలబడి ఒకరు ఆ కొనను ఫోన్‌లో వీడియో తీయాలి. ఎదురుగా మాత్రం ఎవరూ ఉండకూడదు. కన్ను కదిలితే వీడియోలో స్పష్టంగా దొరుకుతుంది.

అన్నిటికన్నా ముందు యూ-బోల్టులు చూడండి, ఈ రోజే చూడండి. సుద్దముక్కతో పట్టీ మీద నుంచి యూ-బోల్టులు బిగించిన ప్లేటు మీదకు ఒక గీత గీసి, నాలుగుసార్లు బ్రేకు వేసి వచ్చి, గీత కలిసి ఉందో తెగిందో చూడండి. బోల్టుల చుట్టూ తుప్పు రంగు పొడి కనిపించినా, ఇనుము రాపిడికి మెరుస్తున్నా అక్కడ కదలిక ఉన్నట్టే. యూ-బోల్టు వదులైతే భారమంతా పట్టీలన్నిటినీ నడిమిలో కలిపి పట్టే సెంటర్ బోల్టు మీద పడుతుంది, అది తెగితే ఇరుసు ముందుకో వెనక్కో జరుగుతుంది. స్టీరింగ్ నేరుగా పెట్టి, ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి టేపుతో రెండువైపులా కొలవండి. రెండు కొలతల్లో తేడా బాగా కనిపిస్తే బండి తీయకండి. టమాట ధర ఎంత పలుకుతున్నా సరే, తీయకండి.

ఇవి సరిగా ఉంటే జాకీతో ఛాసిస్‌ను లేపి, కింద గట్టి స్టాండు పెట్టి, షాకిల్ దగ్గర చిన్న గడ్డపారతో ఒత్తి చూడండి. రబ్బరు కొంచెం సాగినట్టు కదలడం మామూలే. ఇనుము ఇనుముకు తగిలినట్టు కొడితే బుష్ పోయింది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకు దూరొద్దు.

కింగ్ పిన్ మార్చమన్నారు కదా, చక్రం గాల్లో ఉన్నప్పుడే పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట (వదులు కదలిక) కనిపిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. ఆట పోతే వీల్ బేరింగ్, పోకపోతే కింగ్ పిన్. అసలు ఆటే లేకపోతే ఏదీ మార్చక్కర్లేదు. నిలబెట్టి తిప్పితే శబ్దం లేదన్నారు కాబట్టి టై రాడ్ మీద నాకు పెద్దగా అనుమానం లేదు.

కొత్త బుష్‌లు వేసేటప్పుడు ఒక మాట. బోల్టుల చివరి బిగింపు బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే చేయించండి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. షాక్ అబ్జార్బర్ కింది బుష్‌కూ ఇదే వర్తిస్తుంది. మీకు వేసినవాళ్లు ఎలా బిగించారో అడగండి. యూ-బోల్టులు విప్పితే కొత్తవే వేయించి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగింపు చూపించండి.

ప్రశ్న: ముందు పట్టీలు కిర్రుకిర్రుమంటున్నాయి. ఇంజిన్ నుంచి తీసిన పాత ఆయిల్ పోస్తే తగ్గుతుందంటున్నారు. పోయొచ్చా?
– ఇంకో పాఠకుడు, సిద్దిపేట

జవాబు: నాలుగు రోజులు తగ్గుతుంది. కానీ ఆ ఆయిల్ బుష్‌లలోకి దిగి రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, పైగా దుమ్ము అంటుకుని పట్టీల మధ్య గరుకు ముద్దలా తయారవుతుంది. మొదట నీళ్లతో గట్టిగా కడగండి. తడిగా ఉన్నప్పుడు శబ్దం ఆగి, ఆరాక మళ్లీ వస్తే పట్టీల రాపిడే. కట్ట విప్పించి, తుప్పు గీకించి, పట్టీల కొసల్లో అరిగిన ప్యాడ్లుంటే మార్పించండి. విప్పినప్పుడు ప్రతి పట్టీనీ వెలుతురులో పెట్టి సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ పగులుందేమో చూడమనండి. నేను చూసిన విరిగిన పట్టీల్లో చాలావరకు అక్కడే విరిగాయి.