ముందు పెట్టె, తర్వాతే భూగోళం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. పీహెచ్‌డీకి ఎగువ మాంటిల్‌లో (భూమి పైపెంకు కింద ఉండే రాతి పొర పైభాగంలో) సంవహనం, అంటే వేడి రాయి పైకి లేచి చల్లటిది కిందికి దిగుతూ తిరగడం, టాపిక్‌గా తీసుకున్నావు, సంతోషం. కానీ మొదటి నెలలోనే భూగోళాన్నంతా కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా నడిపేస్తానన్నావు చూడు, అది ఇప్పుడే వద్దమ్మా. ముందు ఓ కాగితం మీద రేలీ సంఖ్య చేత్తో లెక్కకట్టు. వేడి వల్ల తోసే బలం, దాన్ని ఆపే జిగట, వేడి పాకిపోవడం కన్నా ఎంత ఎక్కువో చెప్పే సంఖ్య అది.

సాంద్రత 3,300, గురుత్వం 10, వ్యాకోచ గుణకం లక్షకు 3 వంతులు, ఉష్ణోగ్రత తేడా 1,000 డిగ్రీలు, లోతు 660 కిలోమీటర్లు, ఉష్ణ విసరణ సెకనుకు చదరపు మీటరులో పది లక్షల వంతు. స్నిగ్ధత (జిగట) పాస్కల్ సెకండ్లలో 1 పక్కన 21 సున్నాలు. (మంచుయుగం మంచు కరిగాక స్కాండినేవియా నేల పైకి లేస్తున్న తీరు నుంచి హాస్కెల్ అనే శాస్త్రవేత్త 1935లో రాబట్టిన అంకె ఇది.) ఇవన్నీ మీటర్లు, కిలోలు, సెకండ్లలో పెట్టి రేలీ సూత్రంలో వేస్తే 3 లక్షలకి కాస్త అటూ ఇటూగా వస్తుంది. పైనా కిందా జారుడు సరిహద్దులుంటే (రాయి అక్కడ అంటుకోకుండా జారిపోగలిగితే) రేలీ సంఖ్య 658 దాటగానే సంవహనం మొదలవుతుంది. అంటే నీ రాయి కదిలి తీరాలి.

నేను మొదట రాసిన మోడల్‌లో మాత్రం కదల్లేదు. లోతును మీటర్లలో ఇవ్వాల్సింది కిలోమీటర్లలో ఇచ్చాను. ఆ సూత్రంలో లోతు ఘనం కదా, రేలీ సంఖ్య వంద కోట్ల రెట్లు పడిపోయింది. మూడు వారాలు కోడ్‌లో తప్పు వెతికాను. పాపం, కోడ్ బాగానే ఉంది! అందుకే సమీకరణాలని యూనిట్లు లేని రూపంలో రాసుకో.

మాంటిల్ సంవహనం పొయ్యి మీద చారు మరిగినట్టే అంటారు. నువ్వు అలా అనుకోకు. గరిటె తీసేశాక కూడా చారు కాసేపు తిరుగుతుంది. మాంటిల్‌లో జడత్వానికి చోటే లేదు, తోసే బలం ఆగిన క్షణమే కదలికా ఆగుతుంది. కాబట్టి త్వరణం పదం కొట్టేసెయ్. ఏ క్షణానికైనా వేగం ఆ క్షణపు ఉష్ణోగ్రతల నుంచే వస్తుంది. సమీకరణంలో కాలం మిగిలేది ఉష్ణోగ్రత దగ్గరే.

ఇక పరీక్ష. 1989లో బ్లాంకెన్‌బాక్, సహచరులు ఇచ్చిన లెక్కతో నీ కోడ్‌ని పోల్చు. చదరపు పెట్టె, జారే గోడలు, అంతటా ఒకే స్నిగ్ధత, రేలీ సంఖ్య 10,000. నిలకడకొచ్చాక నుసెల్ట్ సంఖ్య (కదలిక లేనప్పటికన్నా ఎన్ని రెట్లు వేడి బయటికి పోతుందో చెప్పేది) 4.884 రావాలి. రేలీ సంఖ్యను లక్షకి పెంచితే 10.534. లక్ష దగ్గర పైనా కిందా ఉష్ణోగ్రత వేగంగా మారే పొరలు పెట్టె ఎత్తులో ఇరవయ్యో వంతే ఉంటాయి. గ్రిడ్‌ని 20 సమాన గడులు చేస్తే ఆ పొర మొత్తం ఒక్క గడిలో ఇరుక్కుంటుంది. గడులు అక్కడ సన్నగా, మధ్యలో వెడల్పుగా పెట్టు.

స్నిగ్ధత ఉష్ణోగ్రతతో మారే మోడల్ ఆ తర్వాతే. వంద డిగ్రీలు పెరిగితే అది పదో వంతుకి పడిపోవచ్చు. పైన చల్లటి భాగం మూతలా బిగుసుకుపోయి, కింద మాత్రమే తిరుగుతుంది. అది చూసి కోడ్ పాడైందని టెన్షన్ పడకు.

ఇంకొకటి. 660 కిలోమీటర్ల దగ్గర పెట్టె అడుగు మూసెయ్యడం నీ ఊహ, ప్రకృతి నియమం కాదు. జపాన్ కింద మునిగే భూఫలకం ఆ లోతు దగ్గర పడుకుంటుంది, మధ్య అమెరికా కింద దాన్ని దాటి పోతుంది. ఆ ఊహని థీసిస్‌లో ముందే రాసుకో, వైవాలో ఎలాగూ అడుగుతారు.

4.884 రాకపోతే ముందు గ్రిడ్ రెట్టింపు చేసి చూడు. అప్పటికీ రాకపోతే సరిహద్దు షరతులు చూడు. ఆ తర్వాత ఫోన్ చెయ్యి, రాత్రి తొమ్మిది లోపు.

మీ మావయ్య