శుక్రవారంలోగా సంతకం పెట్టమంటున్నారు!

ప్రశ్న: కెనడాలోని ఒంటారియోలో ఒక ప్రైవేటు తయారీ కంపెనీలో ఆరేళ్ళు పనిచేశాను. నా తప్పేమీ లేకుండానే తీసేశారు. ఆరు వారాల జీతం ఇస్తాం, శుక్రవారంలోగా రిలీజ్ (ఇక కంపెనీ మీద ఏ దావా వేయనని రాసిచ్చే కాగితం) మీద సంతకం పెట్టమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది, పెట్టేయనా?
– ఓ పాఠకుడు, మిస్సిసాగా

జవాబు: దయచేసి ఇప్పుడే పెట్టకండి. ఆ ఆరు వారాల జీతం ఏడాదికో వారం చొప్పున చట్టం ఎలాగూ ఇప్పించే కనీసం, దానికోసం మీరు ఏ హక్కూ వదులుకోనక్కర్లేదు. కంపెనీ ఏటా జీతాలకే 25 లక్షల డాలర్లు, ఆపైన ఖర్చుపెడుతుంటే, మీకు ఐదేళ్ళు దాటాయి కాబట్టి సెవరెన్స్ పే (ఎక్కువ కాలం పనిచేసినవారిని తీసేస్తే ఇచ్చే పరిహారం) కింద ఇంకో ఆరు వారాలు విడిగా రావాలి. అసలు సంగతి వేరే ఉంది: 1960 నాటి బార్డల్ కేసు నుంచీ కోర్టులు వయసు, సర్వీసు, చేసిన పని, అలాంటి ఉద్యోగం మళ్ళీ దొరికే అవకాశం చూసి నోటీసు కాలం (ముందుగా చెప్పకుండా తీసేస్తే జీతం ఇవ్వాల్సిన కాలం) లెక్కకడుతున్నాయి, అది చాలాసార్లు నెలల్లో ఉంటుంది. మీ కాంట్రాక్టులో దీన్ని కనీసానికే పరిమితం చేసే షరతు ఉన్నా, అది చట్టానికి విరుద్ధంగా రాసి ఉంటే చెల్లదు. శుక్రవారం గడువు కంపెనీ పెట్టుకున్నది, దావా వేయడానికి మామూలుగా రెండేళ్ళుంటుంది. కాగితాలన్నీ ఉద్యోగ చట్టాలు తెలిసిన లాయరుకు చూపించండి, ఈలోగా ఈఐకి (ఉద్యోగం పోయినవారికి ప్రభుత్వం ఇచ్చే బీమా భృతి) వెంటనే దరఖాస్తు పెట్టుకోండి.